పాలపిట్ట పాస్‌వర్డ్

మా తాత బానయ్య సిరోంచలో ఒక సర్కారు ఆఫీసులో క్లార్కు. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, ఒక్క వేలితో కంప్యూటరు కొట్టేవాడు. కొట్టే ప్రతి అక్షరాన్నీ పైకి చదవాల్సిందే. లేకపోతే ఆ వేలు కదలదు. కొత్త నెట్‌వర్క్ వచ్చిన పొద్దున తన పాస్‌వర్డ్ కూడా అలాగే పెట్టాడు. అక్షరాలు కూడబలుక్కుని ఆఫీసంతా గొల్లున నవ్వింది. ‘పాలపిట్ట’! ఇంట్లో ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు అవ్వను ఆయన పిలిచే పేరది. తాత చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే మార్చబోతే, మార్చే అనుమతి లేదంది కంప్యూటరు. గడ్చిరోలిలో ఉండే నెట్‌వర్క్ పిల్లగాడికి ఫోన్ చేశాడు. “ఇయ్యాల ఒకపారి మార్చినవ్ గద కాకా, మళ్ల రేపే. రూలు గట్ల పెట్టినం,” అన్నాడతను. “రేపటిదాంక నా ఇజ్జత్ ఏం గావాలెరా?” అన్నాడు తాత.

మధ్యాహ్నం అవ్వ అన్నం డబ్బా తెచ్చింది. పక్క టేబుల్ శోభారాణి గుమ్మం దాకా ఎదురెళ్లింది. “రా పాలపిట్టవ్వా, కూసో!” అవ్వ తాతను చూసింది. తాత ఫ్యాన్‌ను చూశాడు. “రేపు పొద్దుగాలనే మార్చేస్త,” అని గొణిగాడు. అవ్వ తాపీగా డబ్బా మూత తీసింది. “ఎందుకు? ఇన్నేండ్లల్ల నలుగురి ముంగట గట్ల ఒక్కపారన్న పిలిచినవా? ఉండనీ.”