అమ్మ లేచి నిలబడిన ఆదివారం

నర్సాపురం రేవులో అవతలి ఒడ్డుకు దాటించే పంటు ఎక్కిన ప్రతిసారీ, డీజిల్ పొగ గోదారి బురద వాసనతో కలిసి ముక్కుకు తగులుతుంది. చుట్టూ జనం కబుర్లాడుకుంటూ ఉంటారు, మోటారుసైకిళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. నేను మాత్రం అమ్మను చూడ్డానికి లాంచీలో వెళ్తున్న చిన్నపిల్లనైపోతాను.

మాది పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద ఊరు. నాన్న బడిపంతులు, అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. కోతలైపోయి కొత్త గడ్డి వాసన ఊరంతా పరుచుకునే రోజుల్లో మా లూథరన్ గుడికి సున్నం వేసేవారు; వెదురు బద్దలు వంచి, రంగుకాగితాలంటించి క్రిస్మస్ నక్షత్రం కట్టేవారు; నాయనమ్మ అడ్డచుట్ట కాల్చుకుంటూనే పాకం చూసి అరిసెలు, పోకుండలు వండించేది; మేం ఆడపిల్లలం కాల్చిన తేగలు చీల్చుకు తింటూ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, ఆసుపత్రి సబ్బు వాసనేసే చేతులతో నాకు రెండు జడలు వేసేది. ఆ చేతులు ఎక్కడికైనా వెళ్తాయని నాకెప్పుడూ తోచలేదు.

అలాంటి ఒక డిసెంబరు ఆదివారం, పోలవరానికి ఎగువన కొండల్లో సేవ చేసే ముసలి పాస్టరుగారొకరు మా గుడికొచ్చారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నొప్పులు పడుతున్న ఒక పిల్లను పడవలో కిందికి తీసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందని, అక్కడ కాన్పు చేయడం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరని చెప్పి, "మీలో ఎవర్నైనా దేవుడు పిలుస్తున్నాడేమో చూసుకోండి" అని కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద నా పక్కనున్న అమ్మ లేచి నిలబడింది. మగవాళ్ల వైపు నుంచి నాన్న తలెత్తి చూశారు. ఆయనకు ముందుగా ఏమీ తెలియదని ఆ ముఖం చూస్తేనే అర్థమైంది. నేను చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగాను, అమ్మ కూర్చోలేదు.

ఆ మధ్యాహ్నం కోడికూర దాక మీద మూత ఎవరూ తీయలేదు.

"పిల్లనెవరు చూస్తారే?" అంది నాయనమ్మ.

"దేవుడు చూస్తాడండి అత్తయ్యగారూ."

"దేవుడొచ్చి జడేస్తాడా?"

అమ్మ ఏడ్చింది గానీ మాట మార్చలేదు. నాన్న చాలాసేపు వీధరుగు మీద కూర్చున్నారు. "నేను వద్దంటే ఉండిపోద్దమ్మా," అన్నారు చివరికి నాయనమ్మతో. "వద్దని ఎలా అనమంటావు? నీ చిత్తమే జరగాలని గుళ్లో ప్రార్థన చేసేది నేనే కదా." ఆయన కూడా కొండల్లోకి బదిలీ అడిగారు; రాలేదు. పండగ వెళ్లాక అమ్మ ఒక్కతే వెళ్లిపోయింది. నాన్న నాకు జడ వేయడం నేర్చుకున్నారు.

వేసవి సెలవుల్లో రాజమండ్రిలో లాంచీ ఎక్కి, పట్టిసీమ దాటి, పోలవరం దాటి, రెండు పక్కలా కొండలు మీదికి వచ్చేస్తున్నట్టుంటే నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని ఆ ఊరు చేరాను. తడికెల గుడి, దాని పక్కనే అమ్మ ఉండే తడికెల ఇల్లు, ఎండేసిన ఇప్పపువ్వు మత్తు వాసన, వాకిలి నిండా పిల్లలు. వాళ్లంతా ఆవిణ్ణి అమ్మా అనే పిలుస్తున్నారు. చివరి సాయంత్రం ధైర్యం చేసి అడిగాను.

"దేవుడు నిన్ను మళ్లీ మనింటికి పిలవడా అమ్మా?"

"అడుగుతూనే ఉన్నానమ్మా," అంది అమ్మ, నా ముఖం చూడకుండా.

మర్నాడు పొద్దున రేవులో కూర్చోబెట్టుకుని జడలు వేస్తోంది. రెండోది సగంలో ఉండగా గట్టు మీంచి ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చి, భార్యకు నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు. అమ్మ రిబ్బను నా చేతిలో పెట్టింది. నాన్న వైపు చూసి "ఏవండీ" అంది, అంతే. సంచీ తీసుకుని గట్టెక్కి వెళ్లిపోయింది. లాంచీ హారన్ కొట్టింది. మిగిలిన జడ నాన్న అల్లారు. "వెనక్కి చూస్తే మీ అమ్మకి అడుగు పడదమ్మా, అందుకే చూళ్లేదు," అన్నారు. ఆ రోజు పుట్టిన పిల్లకు నా పేరే పెట్టారని తర్వాత తెలిసింది. నాకేమీ సంతోషం కలగలేదు.

ఏళ్లు గడిచి నాన్న పోయినప్పుడు అమ్మ వచ్చింది, సమాధి కార్యక్రమాలు అయ్యేదాకా ఉండి తిరిగి వెళ్లింది. ఇప్పుడు ఆ ఊరు లేదు. పోలవరం ప్రాజెక్టు కోసం జనాన్ని ఖాళీ చేయించారు. తడికెల గుడి, ఇప్పచెట్లు, అమ్మ చేతుల మీద పుట్టి అక్కడే పోయినవాళ్ల సమాధులు, అన్నీ నీళ్లకింద ఉన్నాయి. ఆ ఊరివాళ్లకిచ్చిన కాలనీలో వరసగా కట్టిన సిమెంటు ఇళ్లలో ఒకదాంట్లో అమ్మ ఉంటోంది. కాన్పులన్నీ ఇప్పుడు ఆసుపత్రిలోనే. పనుల కోసం సగంమంది ఎటెటో వెళ్లిపోయారు. మొన్న వెళ్లినప్పుడు, నాతో వచ్చేయమ్మా అన్నాను.

"దేవుడు ఎక్కడికెళ్లమంటే అక్కడికెళ్దామనే చూస్తున్నానే," అంది. "ఆ రోజు గుళ్లో ఎంత స్పష్టంగా పిలిచాడనీ. ఇప్పుడు ఎంత అడిగినా ఏమీ చెప్పట్లేదు."

నేను పక్కన కూర్చున్నాను. అమ్మ కళ్లు మూసుకుంది. ప్రార్థన చేస్తోందో, ఆ పిలుపు కోసం ఇంకా వింటోందో నాకు తెలియలేదు.