దిష్టిలో సగం

నా చిన్నప్పుడు ఐర్లండ్‌లో, మెయ్‌నూత్ ఊళ్ళోని మా ఇంట్లో, వేడినీళ్ళ ట్యాంకు ఉండే హాట్‌ప్రెస్ అలమరలో, తువ్వాళ్ళ పక్కన ఎప్పుడూ ఒక జత గ్లవ్స్ ఆరుతూ ఉండేవి. అవి మా చిన్న మామయ్యవి. అమ్మకు తమ్ముడు. ఒంగోలు నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి మా ఇంట్లో దిగాడు, ఉద్యోగం వచ్చాక కూడా కదల్లేదు. వారమంతా చెర్రీవుడ్‌లోని ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఆదివారం వచ్చిందంటే హెల్మెట్ పెట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడు.

ఒంగోలులో క్రికెట్ ఆడే రోజుల్లో బౌండరీ దగ్గర ఎంత ఎత్తున లేచిన బంతినైనా పట్టేవాడట. ఇక్కడ కాలేజీ జట్టుకు మనుషులు తక్కువై పిలిస్తే సరదాగా వెళ్ళి, వైడ్ రిసీవర్ అయి కూర్చున్నాడు. అంటే వరసలో అందరికంటే చివర నిలబడి, ఆట మొదలవగానే ప్రాణం పెట్టి పరిగెత్తి, వెనక నుంచి విసిరిన బంతిని పట్టేవాడన్నమాట. చదువయ్యాక ఒక క్లబ్బులో చేరాడు. అందులో పైసా రాదు. చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది, మోకాలికి ఆపరేషన్ అయింది, ఆదివారాలు ఇంట్లో ఉండడని తెలిసి ఒక పెళ్ళి సంబంధం కూడా తప్పిపోయింది. అయినా ఆట మానలేదు.

సాయంత్రాలు ఇంటి ముందు పచ్చికలో ఆయనకు బంతి విసిరేది నేను. ఎలా పట్టుకోవాలో, ఎలా తిప్పి వదలాలో ఆయనే నేర్పాడు. వాన పడుతున్నా ఆ కాసేపు మామయ్య నావాడు.

మోకాలు ఇక లాభం లేదని, ఆ ఏడాది చివరి మ్యాచ్‌తో మానేస్తానని మామయ్య ఇంట్లో చెప్పాడు. ఆ మ్యాచ్‌లో ఒక్క మంచి క్యాచ్ పట్టి ఆట వదిలేయాలని ఆయన ఆశ. ఆయనకంటే ఎక్కువగా నా ఆశ. సరిగ్గా అప్పుడే, ఆయన తర్వాత ఆ స్థానంలోకి క్లబ్బు వాళ్ళు ఒక ఐరిష్ అబ్బాయిని తెచ్చారు. కాజిల్‌బార్ అనే ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు, ఇంత పొడుగు. నేను వాడికి తాటిచెట్టు అని పేరు పెట్టుకున్నాను. మామయ్య వాణ్ణి మా పచ్చికలోకే తీసుకొచ్చి, ఏ అడుగు దగ్గర తిరగాలో, చేతులు ఎప్పుడు చాపాలో, తను ఇన్నేళ్ళూ దెబ్బలు తిని నేర్చుకున్నదంతా నేర్పడం మొదలుపెట్టాడు. బంతి మామయ్యే విసిరేవాడు. నేను గుమ్మంలో కూర్చునేదాన్ని.

తర్వాత వాడు భోజనానికి కూడా వచ్చేవాడు. నా కుర్చీలో కూర్చుని, కళ్ళ నీళ్ళు కారుతున్నా గోంగూర పచ్చడి మారు వేయించుకునేవాడు. పాపం, తల్లికి దూరంగా ఉన్నాడని అమ్మ వాడికి నెయ్యి ఎక్కువ వేసేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఏమైందని ఎవరైనా అడిగితే "అయామ్ గ్రాండ్" అనేదాన్ని, అంటే బాగానే ఉన్నానని. మా ఊళ్ళో ఏడుపొస్తున్నా అనగలిగే మాట అది.

ప్రతి మ్యాచ్‌కు ముందూ అమ్మ మామయ్యకు దిష్టి తీసేది. చివరి మ్యాచ్ రోజు పొద్దున తాటిచెట్టు మా కారులో వెళ్ళడానికి వచ్చాడు. అమ్మ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలతో ఇద్దరికీ కలిపి తిప్పింది. అన్నం పంచుకున్నాడు సరే, మా మామయ్య దిష్టి కూడా వాడికి పంచాలా అనిపించింది. పొగకు ఇంట్లో అలారం మోగుతుందని అమ్మ వాటిని పెరట్లో బార్బెక్యూ బొగ్గుల మీద వేసింది. మిరపకాయలు మాడి బొగ్గయ్యాయిగానీ ఎవరికీ పొలమారలేదు, ఒక్క తుమ్ము రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి బాగా ఉన్నట్టు.

"అమ్మో, ఎవరి కళ్ళోగానీ గట్టిగానే పడ్డాయిరా" అంది అమ్మ. ఎవరి కళ్ళో నాకు తెలుసు. వంగి బూటు లేసులు కట్టుకున్నాను.

మైదానంలోకి దిగే ముందు మామయ్య నా దగ్గరకు వచ్చి, "కోడలా, ఇవాళ బాల్‌ని చూడకు. నన్నే చూడు" అన్నాడు. అలాగే చూశాను. ఆట ముగిసే వేళకు మావాళ్ళు కొద్దిలో వెనకబడి ఉన్నారు. ఈ చివర మామయ్య, ఆ చివర తాటిచెట్టు. చివరి ప్రయత్నం మొదలవగానే మామయ్య ఆ మోకాలితోనే, నేనెప్పుడూ చూడనంత వేగంగా పరిగెత్తాడు. తల తిప్పి రెండు చేతులూ పైకి చాచాడు. అవతలి జట్టువాళ్ళు ఇద్దరు ఆయన్ని అంటుకునే పరిగెత్తారు. నా చేతులు కూడా వాటంతటవే లేచాయి. బంతి రాలేదు. అరుపులు రెండో వైపు నుంచి వినిపించాయి. చూస్తే పాయింట్లు వచ్చే గీత అవతల తాటిచెట్టు బంతిని గుండెకు హత్తుకుని పడి ఉన్నాడు, జట్టంతా వాడి మీద పడుతోంది. మేం గెలిచాం. ఇవతల మామయ్య ఒక్కడూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు.

తాటిచెట్టు జట్టుతో సంబరాలకు వెళ్ళాడు. కారులో నేను ఏడ్చేశాను. బంతి తనకు రాదని ముందే తెలుసా అని మామయ్యను అడిగాను. తెలుసన్నాడు. ఆ ఇద్దర్నీ ఇటు లాగడమే ఆయన పనట. మరి నీకు కుళ్ళు రాలేదా అన్నాను.

"రాకపోవడమేంటే? కడుపు రగిలిపోయింది. నాకే కావాలని పరిగెత్తా కాబట్టే ఆళ్ళిద్దరూ నమ్మి నా యెంట పడ్డారు. ఉత్తుత్తినే పరిగెడితే వస్తారా?" నవ్వాడు. "పొద్దున మిరపకాయలు ఘాటెక్కలేదంటే అదంతా నీ ఒక్కదాని గొప్పే అనుకున్నావా? అందులో సగం నాదే."

ఆ గ్లవ్స్ తాటిచెట్టుకే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం వదలలేదు, నేను చూశాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. అసూయ పడకూడదని నాకు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, మామయ్య ఒక్కడే తనకూ ఉందని చెప్పాడు. నాకు రావలసింది పక్కవాళ్ళకు పోతే ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. మండనిస్తాను, ఆ మంటతోనే నా వంతు పరుగు పూర్తిగా పరిగెడతాను. ఇక ఎక్కడ ఎవరికి చప్పట్లు మోగినా, నా కళ్ళు ముందు రెండో చివరకు పోతాయి, అక్కడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎవరైనా ఒంటరిగా ఊపిరి తీసుకుంటున్నారేమోనని.