తలుపేసుకుని తిన్న కూర కోసం కృష్ణపట్నం దారిలో

ఈ ప్రయాణం పేపర్లో పడిన ఒక చిన్న వార్తతో మొదలైంది. ఆదివారం పొద్దున విజయవాడలో మా ఇంట్లో అమ్మకి పేపర్ చదివి వినిపిస్తున్నాను. ఆమెకి చూపు బాగానే ఉంది. నేను చదువుతుంటే మధ్యలో తప్పులు పట్టడం ఆమె సరదా, అంతే. విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు జరుగుతున్న పరిశోధనల గురించి అర పేజీ రాశారు. సముద్రం ఒడ్డున చవుడు నేలల్లో తనంతట తాను మొలిచే ఇలకూర మీద మొక్కల శాస్త్రం వాళ్ళు, వైద్యం వాళ్ళు, వ్యాపార విభాగం వాళ్ళు కలిసి పనిచేస్తున్నారని చివర్లో ఉంది. ఉప్పునీళ్ళకి పాడైన భూముల్లో దాన్ని సాగు చెయ్యవచ్చా, తింటే ఒంటికి మంచిదేనా, అమ్మితే కొనేవాళ్ళున్నారా అని చూస్తున్నారట. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏంటి, ఇలకూరా? మళ్ళీ చదువు" అంది.

మా అమ్మ పుట్టింది కృష్ణపట్నం దగ్గర పాయ ఒడ్డున ఉన్న చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో. పెళ్ళయ్యాక ఇటు వచ్చేసింది. ఇన్నేళ్ళలో ఆమె నోట ఇలకూర అనే మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ రోజు మాత్రం పేపర్ మడిచేలోపే ఫోన్ తీసి మా అంకమ్మక్కకి చేసింది. అక్క మా పెద్దమ్మ కూతురు, అమ్మ పుట్టిన ఇంట్లోనే ఉంటుంది, ఊళ్ళో పొదుపు సంఘానికి పెద్ద. అవతలి నుంచి వచ్చిన కబురు మా ఇద్దరినీ నిటారుగా కూర్చోబెట్టింది. ఆ యూనివర్సిటీ వాళ్ళు వచ్చే గురువారం వాళ్ళ ఊరికే వస్తున్నారు. రొయ్యల గుంటలు తవ్వి వదిలేసిన నేల సంఘం చేతిలో ఉంది, అందులో గడ్డి కూడా మొలవదు. అక్కడ ఇలకూర వేయించి, ఆడవాళ్ళకి పని చూపిస్తామన్నారట. కాకపోతే పక్క ఊరి వాళ్ళూ అడుగుతున్నారు. రెండు ఊళ్ళలోనూ భోంచేసి చూసి, ఆ పని ఒక్క ఊరికే ఇస్తారు.

"మేమూ వస్తున్నాం. నాకు ఒక్క ముద్ద ఉంచవే" అంది అమ్మ. బీపీ వల్ల రెండేళ్ళుగా చప్పిడి కూడు తింటున్న మనిషి. ఉప్పునేలలో పెరిగే ఆకు కోసం రైలెక్కుతానంటే నేను ఒప్పుకోకూడదు. అయినా ఆ గొంతు విన్నాక వద్దనడానికి నాకు నోరు రాలేదు.

గురువారం తెల్లవారుతూనే విజయవాడలో రైలెక్కి పదిన్నరకల్లా నెల్లూరులో దిగాం. స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటో, అక్కడి నుంచి ముత్తుకూరు బస్సు. ఈ దారిలో బస్సులకి కొరత లేదు, పోర్టుకీ కరెంటు ప్లాంట్లకీ పనికెళ్ళే వాళ్ళతో ఎప్పుడూ నిండే ఉంటాయి. కిటికీ పక్కన కూర్చోవాలంటే మాత్రం కాస్త ముందుగా వెళ్ళాలి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, లారీల వరసలు వచ్చినప్పుడల్లా "ఇక్కడంతా పర్ర ఉండేది" అంటూ వచ్చింది. ఉప్పు పేరుకుని తెల్లగా మెరిసే బయలు నేలని వాళ్ళు పర్ర అంటారు. ఆమె చూపించిన చోట నాకు గోడలూ గొట్టాలే కనిపించాయి. ఆమెకి ఏం కనిపించిందో గానీ, చాలాసేపు చెయ్యి కిటికీ కమ్మీ మీదనుంచి తియ్యలేదు.

ముత్తుకూరులో ఆటో మాట్లాడుకున్నాం. రానూ పోనూ, మధ్యలో ఆగడానికీ కలిపి ఆరు వందలు. సాయంత్రం ఆ ఊళ్ళ నుంచి ఖాళీ ఆటో దొరకడం కష్టం కాబట్టి ఇలా మాట్లాడుకోవడమే మంచిది. డ్రైవరు నడివయసు మనిషి, నవ్వు మొహం.

"పోర్టుకా అమ్మా, ప్లాంటుకా?" అన్నాడు.

"రెండింటికీ కాదు నాయనా, ఇలకూర తినేదానికి" అంది అమ్మ. నెల్లూరు దాటగానే ఆమె మాటలో మా నాన్న ఊరి యాస జారిపోయింది.

అతను అద్దంలోంచి చూశాడు. "దానికోసం విజయవాడ నించి వచ్చినారా? మేమైతే ఎప్పుడూ తిన్లేదులేమ్మా. మా పక్కింటోళ్ళు తినేవాళ్ళు."

అమ్మ పకపకా నవ్వింది. "మేమూ అట్నే చెప్పేవాళ్ళం నాయనా, పక్కింటోళ్ళని!"

అతను కాసేపు బిగపట్టుకుని తనూ నవ్వేశాడు. "మాయమ్మ ఎండు రొయ్యలేసి చేసేది. ఆ రుచే వేరు" అన్నాడు, ఇంజన్ చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా.

అప్పుడు చెప్పింది అమ్మ. వాన తుఫానుల్లో పడవలు కదలకపోతే ఇంట్లో కూరకి ఏమీ ఉండేది కాదు. పర్ర మీదికి వెళ్ళి ఇలకూర కోసుకొచ్చేవాళ్ళు. ఊళ్ళో అందరూ తినేదే, కానీ అది గతిలేనివాళ్ళ కూర, తింటున్నట్టు ఎవరికీ తెలియకూడదు. అందుకని వీధి తలుపు వేసుకునే కంచం ముందు కూర్చునేవాళ్ళు. చుట్టాలకి పెట్టడమంటే వాళ్ళని అవమానించినట్టే. వింటుంటే నాకు అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మ దగ్గరికి వెళ్తే, కొన్ని రోజులు నాకు ముందుగా పప్పన్నం పెట్టి ఆడుకోమని బయటికి పంపేవాళ్ళు. వెనక తలుపు పడేది. లోపల వెల్లుల్లి తాలింపు వాసన. నాకు పెట్టకుండా ఏదో మంచిది తింటున్నారని అరుగు మీద కూర్చుని ఏడ్చేదాన్ని. అమ్మమ్మ బయటికొచ్చి, కొంగుతో నా మొహం తుడిచి, ఎందుకో తనూ కళ్ళు తుడుచుకునేది.

మేం వెళ్ళేసరికి అంకమ్మక్క ఇంటి ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేశారు. యూనివర్సిటీ జీపు అప్పుడే ఆగింది. మొక్కల శాస్త్రం మేడం, ఒక డాక్టరు గారు, వ్యాపార విభాగం నుంచి ఒక సారు దిగారు. ముందు గుంటల నేల చూశారు. మేడం మట్టి చేతిలోకి తీసుకుని, ఇలకూర ఈ నేలలోంచి ఉప్పు ఎంత పీలుస్తుందో, కొన్నేళ్ళకి ఇంకేదైనా పంట రాగలదో లేదో తెలుసుకోవాలని చెప్పింది. కట్ట వెంట గుబుర్లుగా ఉంది ఆ మొక్క, సన్నటి కండగల ఆకులు, కొసల్లో ఎరుపు. అమ్మ వంగి రెండాకులు తుంచి వాసన చూసుకుంది.

భోజనాలకి కూర్చున్నాం. విస్తళ్ళలో మామిడికాయ వేసిన చేపల పులుసు, రొయ్యల వేపుడు, కోడికూర, చక్కెర పొంగలి. ఇలకూర లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి అక్కని పట్టుకున్నాను.

"అక్కా, వాళ్ళు వచ్చిందే దానికోసం కదా!"

"అయితే? డబ్బాలో పోసిస్తాం, తీసకపొయ్యి మిషన్లో పెట్టుకోమను. ఇంటికొచ్చినోళ్ళ విస్తట్లో అదెయ్యమంటావా? రేపు ఊళ్ళో తల యాడ పెట్టుకోమంటావు?"

వెనక నిలబడ్డ ఆడవాళ్ళంతా అవునవునన్నారు. పొయ్యి పక్కన మూత పెట్టిన దాక ఉంది. వండారు, వడ్డించరు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంత ఆశపడి పిలిచి, చేతులారా పోగొట్టుకుంటున్నారే అనిపించింది.

బయట మేడం అడగనే అడిగింది. "అంకమ్మ గారూ, ఇలకూర పెట్టరా?"

"ఉండాది మేడం. పొయ్యేటప్పుడు డబ్బాలో ఇస్తాం."

"ల్యాబులో చాలా చూశామండీ. అన్నంలో కలుపుకుని ఇష్టంగా తినేదేనా అని చూడ్డానికి వచ్చాం. మీరే వడ్డించలేని కూరని ఇంకొకళ్ళని ఎలా కొనమంటాం?"

మాట మెత్తగానే ఉంది. అక్క తల వంచుకుంది. వ్యాపార విభాగం సారు గడియారం చూసుకున్నాడు, సాయంత్రం పక్క ఊరికి వెళ్ళాలి. పని చేజారిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు అమ్మ తన విస్తట్లో అన్నం మధ్య చేత్తో గుంట చేసింది. "నాకు పెట్టవే అంకా. నేను చుట్టాన్ని కాదు, ఈ ఇంట్లో పుట్టినదాన్ని."

అక్క ఇంక కాదనలేకపోయింది. లోపలికి వెళ్ళి దాకతో వచ్చింది. వస్తూ వస్తూ, చిన్నప్పటినుంచి అలవాటైన పని, కాలితో వీధి తలుపు నెట్టేసింది. గది చీకటైంది. తను చేసిందేమిటో అక్కకే అర్థమై దాక పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తలుపు తియ్యవే," అంది అమ్మ. "మాయమ్మ బతికినన్నాళ్ళూ ఈ తలుపెనకే తినింది. నేను తలుపు తీసుకోని తింటా."

నేనే లేచి తీశాను. డాక్టరు గారు అమ్మ మందుల చీటీ అడిగి చూశారు. ఆకు ఉడికించి రెండుసార్లు నీళ్ళు వంపామని అక్క చెప్పాక, "అయినా ఉప్పు ఎంత మిగులుతుందో మేం ఇంకా చూస్తున్నాం, రెండు ముద్దలు చాలమ్మా" అన్నారు. అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక మొదట నన్నే చూసింది. "తిను. ఆ పొద్దు నువ్వు ఏడ్చింది దీనికే" అంది. తిన్నాను. వెల్లుల్లి, ఎండుమిర్చి, రొయ్యపొట్టు, అడుగున సముద్రపు ఉప్పదనం. కూర బాగుంది.

మేడం తన విస్తరి ముందుకి జరిపింది. సారు రెండోసారి అడిగి వేయించుకుని, ఉప్పు ఎంత వేశారన్నాడు. "ఉప్పెందుకేస్తాం సార్!" అని గడప దగ్గర ఆడవాళ్ళంతా ఒక్కసారే నవ్వారు. మా ఆటో డ్రైవరు కూడా కంచం తెచ్చుకుని కూర్చున్నాడు, ఈసారి పక్కింటోళ్ళ ఊసెత్తలేదు.

మేం వచ్చేసిన కొన్నాళ్ళకి అక్క ఫోన్ చేసింది. పని వాళ్ళ ఊరికే ఇచ్చారు, గుంటల నేలలో మళ్ళు కడుతున్నారు. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "తలుపు?" "ఏం తలుపు చిన్నమ్మా, వాకిట్లోనే వండతా ఉండాం" అంది అక్క. ఈ పరిశోధన చివరికి ఏం తేలుస్తుందో నాకు తెలియదు. వాళ్ళే ఇంకా తెలియదంటున్నారు. నాకు తేలింది వేరే. అమ్మమ్మ నాకు మంచిది దాచిపెట్టిందని ఏళ్ళ తరబడి మనసులో చిన్న గుర్రు ఉండేది. తన దగ్గరున్న లేమిని నా కంట పడనివ్వకూడదని ఆమె తలుపేసుకుందని ఇప్పుడు తెలిసింది. ఆ అరుగు మీద ఇంకోసారి ఆమె పక్కన కూర్చోవాలనిపిస్తోంది.

మీరు అటువైపు వెళ్తే వానలు వెనకబట్టాక వెళ్ళండి, ఆకు లేతగా ఉంటుంది. ఎవరింట్లోనైనా భోజనానికి కూర్చుంటే, పులుసు వడ్డించకముందే ఇలకూర ఉందా అని మీరే అడగండి. లేదంటారు. ఇంకోసారి అడగండి.