చావనన్న రాక్షసుడూ, సరోజమ్మక్కా

పక్కగదిలో మా మనవరాలి ఫోనులోంచి ఒక రాక్షసుడు గర్జిస్తున్నాడు. గర్జన వెనకే, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు కత్తుల చప్పుడు. కాసేపటికి ఆ పిల్ల విసుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. "తాతా, ఈ బాస్ సావడంల్యా. ఎంత కొట్టినా మళ్లా లేసి నిలబడ్తాండాడు" అంది. అది ఫోనులో ఆడే ఆటలో మనం ఒక వేషం వేసుకుని, ఊళ్లూ అడవులూ దాటి, ఆయుధాలు సంపాదించుకుని, చివర ఒక పెద్ద రాక్షసుణ్ణి పడగొట్టాలట. వాణ్ణి బాస్ అంటారట. "ముందు వాడు ఎప్పుడు అలిసిపోతాడో సూడల్ల తాతా. ఆమీద వాని బలహీనత యాడుండాదో కనుక్కోవల్ల" అని నాకే పాఠం చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఈ పాఠం నేను డెబ్బైల్లోనే నేర్చుకున్నాను. నేర్పింది సరోజమ్మక్క.

మాది అనంతపురం జిల్లా కంబదూరు పక్కన ఒక మెట్ట ఊరు. వేరుశనగ విత్తి ఆకాశంకేసి చూస్తూ కూర్చోవడమే మా వ్యవసాయం. ఎండాకాలం చివర, విత్తనాలు వెయ్యకముందు, ఊళ్లో నాటకం ఆడాలి. దాని పేరు 'క్షామాసుర సంహారం'. మాకు నాటకం నేర్పే హార్మోనియం మాస్టరు వాళ్ల తాతగారు కట్టిన కథ. మబ్బులన్నిటినీ మింగి కూర్చున్న రాక్షసుణ్ణి మేఘసేనుడనే రాజకుమారుడు గదతో కొట్టి చంపుతాడు. తెల్లవారేసరికి రాక్షసుడు నేలకూలాలి. కూలితే వాన, కూలకపోతే కరువు. దీనిమీద మా ఊళ్లో వాదన ఉండేది కాదు.

రాక్షసుడి వేషం కొండారెడ్డిది. ఊళ్లో సగం పొలం ఆయనదే. ధాన్యపు గాదెకు మీసాలు పెట్టినట్టుండే మనిషి, పద్యం ఎత్తుకుంటే పక్క ఊరి కుక్కలు కూడా లేచేవి. రాజకుమారుడి వేషం నాది. పద్యాలు తప్పు లేకుండా చెబుతానని మాస్టరు నన్ను ఎంచుకున్నాడే కాని, నా ఒంట్లో కండ అనేది లేదు. పైగా మా నాయన ఆ రెడ్డి పొలాన్నే గుత్తకు, అంటే కౌలుకు, చేసేవాడు.

మొదటి ఏడాది తెల్లవారుజామున గద ఎత్తి కొట్టాను. రెడ్డి కదల్లేదు. మళ్లీ కొట్టాను. "ఏమప్పా తిప్పేసామీ, నెత్తి గోకుతాండావా?" అన్నాడు ఊరంతా వినపడేలా. జనం ఘొల్లుమన్నారు. తెర పక్కనుంచి మాస్టరు "పడు రెడ్డీ, పడు" అని గొణిగాడు. రెడ్డి అటు తిరిగి, "పందిరి నాది, పెట్రోమాక్సు లైట్లు నావి. నేనేమిటికప్పా పడల్ల?" అన్నాడు. ఎండెక్కింది. ఆడవాళ్లు పాలు పిండాలని లేచి వెళ్లారు. చివరికి రాక్షసుడు నెత్తిన కిరీటంతోనే, తన గద భుజాన వేసుకుని నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ ఏడు విత్తే పదునుకు మించి వాన రాలేదు. మొలిచిన వేరుశనగ మొలిచినట్టే మాడిపోయింది. రెడ్డిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అందరూ నన్నే అన్నారు. బీడీల అంగడి దగ్గర నిలబడితే, "ఒక రాక్షసుణ్ణి సంపేదానికి చేతగాల్యా నీకి?" అని మొహంమీదే అడిగేవాళ్లు. రెడ్డి మీద చెయ్యెత్తినందుకు మా నాయన కోప్పడతాడనుకున్నాను. ఆయనా అంతే. "కొట్టేది కొట్టినావు, సచ్చేదంక కొట్టగూడదా?" అన్నాడు. వచ్చే ఏడు కూడా రాక్షసుడు నిలబడే ఉంటే నేను ఊరు విడిచిపోవడమే మేలని నాకు నిజంగానే అనిపించింది.

అంతవరకు రాక్షసుడి భార్య వేషం మా ఊళ్లోనే ఒక మామ మీసం గీయించుకుని వేసేవాడు. మరుసటి ఏడు మాస్టరు ధర్మవరం నుంచి సరోజమ్మను పిలిపించాడు. మగ్గాల ఇంట్లో పుట్టి నాటకాల్లోకి వచ్చిన మనిషి. పొట్టిగా, నోరంతా వక్కాకుతో ఎర్రగా, చేతిలో రేకు పెట్టెతో బస్సు దిగింది. ఎద్దులబండిలో ఊరికి తీసుకొస్తూ దారిపొడుగునా నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె పడిపడి నవ్వింది. "ఊరికొక రాక్షసుడు ఉంటాడప్పా. గుమ్మఘట్టలో ఒకడు సచ్చినాక లేసి, 'నేను సావల్యా, కునుకు తీసినా' అన్నాడు. నువ్వు యాడ కొడ్తావు?"

"తలమీద అక్కా."

"తలమీద ఉండేది అట్ట కిరీటం. అట్టను కొడితే మనిషి పడతాడా? ముందు ఆయప్పను సూడు."

రిహార్సల్‌లో నన్ను గద ముట్టుకోనివ్వలేదు. మూల కూర్చోబెట్టి రెడ్డిని చూడమంది. చూశాను. "బో గట్టిగా అరుస్తాడక్కా" అన్నాను. "అది చెవిటోనికీ తెలుస్తాది. అరిసినాక యాడ సూస్తాడు?" అని అడిగింది. అప్పుడు కనిపించింది. ప్రతి పద్యం చివరా రెడ్డి కళ్లు జనం మీదికి పోయేవి. ఎవరు తల ఊపారు, ఎవరు ఊపలేదు అని ఓరగా వెతికేవి. "అదీ. ఆయప్ప ప్రాణం ఆడుండాది" అంది సరోజమ్మక్క.

నాటకం రోజు ఆమె చెప్పినట్టే నా స్నేహితులను జనంలో చల్లి కూర్చోబెట్టాను. రెడ్డి పద్యం పాడడం, మావాళ్లు "వన్స్ మోర్!" అనడం. రెడ్డి మురిసిపోయి మళ్లీ పాడడం. కోడి కూసేసరికి రాక్షసుడి గొంతు బొంగురుపోయింది, దిద్దిన మీసం చెమటకు కారి గడ్డమైంది. ఇదే అదననుకుని గద ఎత్తి కొట్టాను. ఊగాడు, కాని పడలేదు. ఇంకోటి కొట్టాను. పళ్లు బిగించి నిలబడ్డాడు. ముందు వరసలో మా నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకోవడం చూశాను. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు సరోజమ్మక్క జుట్టు విరబోసుకుని వచ్చి రాక్షసుడి కాళ్లు పట్టుకుంది. జనానికి అది పతిభక్తి. పక్కనున్న నాకు మాత్రం మాటలు వినిపించాయి. "రెడ్డీ, నువ్వు సస్తే నేను పాడే పద్యాలు శానా ఉండాయి. అన్నీ నీ పొగడ్తలే. నీ తల ఒళ్లో పెట్టుకోని పాడతా. నువ్విట్ల నిలబడుకోనుంటే ఎట్ల పాడేది? బతికిండేవాని కోసరం ఎవరన్నా ఏడుస్తారా?"

రెడ్డి ఆలోచించాడు. "ఎన్ని పద్యాలు?" అన్నాడు మెల్లగా.

"నువ్వు ఎంత బాగ పడితే అన్ని."

నేను గద తాకించానో లేదో, రెడ్డి గుండె పట్టుకుని, చుట్టూ తిరిగి, ఆకాశానికి ఒక కేక పెట్టి పడ్డాడు. బల్లలు అదిరి దుమ్ము లేచింది. సరోజమ్మక్క అతని తల ఒళ్లో పెట్టుకుని పద్యాలు ఎత్తుకుంది. అతని ధైర్యం, పదిమందికి పెట్టిన చెయ్యి, ఇక ఆ గుమ్మంలోకి ఎవరొస్తారు అన్న దిగులు. ఆడవాళ్లు కొంగులు తడుపుకున్నారు. కళ్లు మూసుకున్న రాక్షసుడి చెంపల మీద కూడా నీళ్లు కారాయి. అంతలో ఎవరో, మావాడు కానేకాదు, "వన్స్ మోర్!" అని అరిచారు. రెడ్డి లేచి కిరీటం సర్దుకుని నావైపు తిరిగాడు. "కొట్టు" అన్నాడు.

మళ్లీ చచ్చాడు. మూడోసారి ఎవరూ అడగకముందే లేచాడు. ఎండ నెత్తికెక్కుతున్నా ఒక్క ఆడమనిషీ పాలకోసం లేవలేదు. చివరికి సరోజమ్మక్కే, "ఇంగ సాలు రెడ్డీ, నా గొంతు పాయ" అని దండం పెట్టింది.

ఆ వారంలోనే వాన పడింది. పరుగున ధర్మవరం వెళ్లి చెబితే, "వాన సంగతి నాకి తెల్దప్పా. మనిషి పడేది ఒకటే నాకి తెలుసు" అని నాకు వక్కాకు ఇచ్చింది. ఆ తరువాత ఏటేటా ఆమే వచ్చింది. ఉగాది పోగానే రెడ్డి మా ఇంటిముందు ఆగి, "సరోజమ్మకు కబురు పెట్టినావా?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు నేను అనంతపురంలో గుమాస్తా పనిలో కుదిరాను. అక్కడి మేనేజరు పొద్దస్తమానం అరిచేవాడు. తోటివాళ్లు ఎదురు అరిచి అలిసిపోయేవాళ్లు. అరిచాక ఆయన ఎటు చూస్తాడో చూసుకుని నేను హాయిగా పని చేసుకున్నాను.

ఎనభైల్లో ఒక ఎండాకాలం కొండారెడ్డి నిజంగానే పోయాడు. వాకిట్లో పడుకోబెట్టారు. సరోజమ్మక్క ఎవరూ పిలవకుండానే బస్సెక్కి వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. తిన్నగా వెళ్లి తలదగ్గర కూర్చుని, ఆ తలను ఒళ్లోకి తీసుకుని, అవే పద్యాలు పాడింది. ఊరు ఊరంతా చెట్ల కింద, గోడల వెంట నిలబడి విన్నది. ఆమె ఆపగానే నా వెనకనుంచి మా నాయన, బతుకంతా ఆ రెడ్డి పొలం గుత్తకు చేసిన మనిషి, చిన్నగా "వన్స్ మోర్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సరోజమ్మక్క రెడ్డి మొహంలోకి కొంతసేపు చూసింది.

"ఈతూరి లేయడప్పా" అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ ఎత్తుకుంది. నాకు దుఃఖం ఆగలేదు.

ఇప్పుడామె కూడా లేదు. ఎవరైనా మొండికేసి నిలబడితే నేను ఇప్పటికీ గద ఎత్తను, ముందు వాళ్ల కళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను. మనవరాలికీ అదే చెప్పాను. "వాడు గర్జించినాక యాడ సూస్తాడో సూడు, పాపా."

అది ఫోనులోకి తొంగి చూసింది. "నా దిక్కే సూస్తాండాడు తాతా. ఆడ ఇంగెవరూ లేరు."

"ఐతే ఒకసారి వన్స్ మోర్ అను" అన్నాను. అది నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్లిపోయింది. కాసేపటికి పక్కగదిలో మళ్లీ గర్జన వినిపించింది. దాని వెనకే, సిగ్గుపడుతూ, ఒక చిన్న గొంతు "వన్స్ మోర్" అంది.