ప్రార్థన అంకుల్

మా నాన్న ఒక సినిమాలో ఉన్నాడు. ఉన్నాడంటే నటించాడని కాదు. ఫైటు జరుగుతుంటే పక్కన బల్ల దగ్గర కూర్చుని బిర్యానీ తిన్నాడు, అంతే. ఆ సినిమా హీరో ఎవరంటే నేను పాఠాలు చెప్పే స్కూలు పిల్లలు బుర్ర గోక్కుంటారు. మా నాన్న బొమ్మ మాత్రం వాళ్లందరి ఫోన్లలోనూ ఉంది. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తమకు అర్థమైందని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు రాంగోపాల్‌పేట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో చర్చి పెళ్లి సీను తీశారు. కిరాయి కోట్లు తొడిగితే జూనియర్ ఆర్టిస్టులు బ్యాండు మేళం వాళ్లలా కనబడుతున్నారట. సినిమా మేనేజరు మా పాస్టరుగారి దగ్గరికి వచ్చి, "సొంత కోట్లున్నోళ్లను పంపుండ్రి సార్, బిర్యానీ పెడతం" అని బతిమాలాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వే ఆఫీసులో కుదురుకున్న మా నాన్నకు పెళ్లినాటి కోటు ఒకటుంది. అమ్మ పట్టుచీర తీసింది. నన్ను పక్కింట్లో వదిలి ఇద్దరూ వెళ్లారు.

పొద్దుటి నుంచి ఖాళీ కడుపులతో కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాటాక షాట్ పెట్టారు. రౌడీలు అద్దాలు పగలగొట్టుకుని రాగానే అందరూ లేచి పరుగెత్తాలి. సరిగ్గా అప్పుడే నాన్న ముందు వేడి బిర్యానీ ప్లేటు పెట్టారు. మావాళ్లకు అన్నం ముందుకొస్తే కళ్లు వాటంతటవే మూసుకుంటాయి. నాన్న ప్రార్థన మొదలుపెట్టాడు. "యాక్షన్" అన్నారు. అద్దాలు పగిలాయి, హాలంతా కేకలు, పరుగులు. ఆయన కదల్లేదు. లేవబోయిన అమ్మ ఆయన్ను చూసి మళ్లీ కూర్చుంది, "ఆమేన్" అంది. నాన్న కళ్లు తెరిచి తినడం మొదలుపెట్టాడు. డైరెక్టరు పడీ పడీ నవ్వి, అమ్మానాన్నల మాటలు వినబడకుండా తీసేసి, ఆ షాటే ఉంచేశాడు.

మా ఇంట్లో రోజూ జరిగేదే అది. నాన్న భోజన ప్రార్థన చాలా పొడుగు. చుట్టాలు, రోగులు, పాలకులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, అందరూ వచ్చేవారు అందులోకి. కూర చల్లారిపోతోందని అమ్మ మధ్యలోనే "ఆమేన్" అనేసేది. అమ్మ ఆ మాట అనందే ఆయన ముద్ద ఎత్తేవాడు కాదు.

సినిమా వారం ఆడి వెళ్లిపోయింది. మేమూ మర్చిపోయాం. ఇన్నేళ్లకు ఆ ముక్కను ఎవరు తవ్వి తీశారో మరి! "ప్రార్థన అంకుల్" అని పేరు పెట్టి, ఫోన్లలో పంపుకునే స్టికర్లు చేసేశారు. పరీక్షల ముందు నాన్న, జీతం రాని రోజున నాన్న, "లోకం తగలబడనీ, నా ప్లేటు నాది" అన్న రాతతో నాన్న. టీషర్టుల మీద కూడా వచ్చేశాడు. స్టికర్లలో అమ్మ ఉండదు, కత్తిరించేశారు. నేరేడ్‌మెట్‌లో మా గేటు ముందు బళ్లు ఆగడం మొదలైంది. "మీ నాన్న కల్ట్, టీచర్!" అంది తొమ్మిదో తరగతి పిల్ల. కల్ట్ అంటే ఏంటమ్మా అని నాన్న అడిగితే, "పిచ్చి" అన్నాను.

అప్పటికి అమ్మ పోయి ఏడాది దాటింది. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న అన్నం ముందు కళ్లు మూసుకోలేదు. చర్చికి వస్తాడు, పాటల పుస్తకం పట్టుకుంటాడు. ఇంట్లో మాత్రం నాలుగు మెతుకులు కెలికి లేచిపోతాడు. మనిషి సగమయ్యాడు. ఇలాగే తినకుండా తినకుండా ఈయన కూడా నన్ను వదిలేసి పోతాడేమోనని నా భయం. అలాంటి మనిషిని గేటు దగ్గరికి పిలిచి, "అంకుల్, జెర కండ్లు మూసుకోండ్రి, ఒక్క ఫోటో" అంటారు! ఆయన తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చేసేవాడు. నేను గేటు ధడాలున వేసేదాన్ని.

"గా హీరో లెక్క మనం కొట్లాడగల్గుతమా? అన్నమైతే తింటం గద. గందుకే సారంటే అందరికి పానం" అంది ఎదురింటావిడ. ఆయన యాక్టింగ్ చేయలేదు, జనానికి అది తెలిసిపోతుంది, అంది మా స్కూల్లో లెక్కల టీచరు. వింటుంటే రెండూ నిజమే అనిపించేవి. గేటు దగ్గర నాన్న ముఖం చూస్తే రెండూ తప్పనిపించేవి. ఇది ఎగతాళా, ప్రేమా? ఒకటి తేల్చుకుంటే కనీసం తిట్టడానికైనా వీలుంటుంది కదా.

ఇంతలో ఆ సినిమాను సికింద్రాబాద్‌లో మళ్లీ వేశారు. నాన్న వెళ్దామన్నాడు.

"ఎందుకు నాన్నా, నవ్వులపాలవడానికా?"

"మీ అమ్మ ఉంటుంది కదే."

ఆటో పిలిచాను.

హాల్లో హీరో వస్తే ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లి సీను రాగానే కాగితాలు ఎగిరాయి, ఈలలు. తెర మీద నాన్న కళ్లు మూసుకున్నాడు. అంతే, హాలంతా గప్‌చుప్. అద్దాలు పగిలే చప్పుడు ఒక్కటే. అమ్మ సగం లేచి, కూర్చుని, పెదాలు కదిపింది. హాలు హాలంతా ఒక్క గొంతుతో "ఆమేన్!" అని అరిచింది. ఆ ముక్క నేను ఎన్నిసార్లు చూశానో. అమ్మ పెదాలు ఎప్పుడు కదులుతాయో గమనించనే లేదు.

నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వీళ్లు మీ అమ్మనే చూస్తున్నారే" అన్నాడు. నాకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. వెనక సీట్లో ఒకావిడ పకపకా నవ్వుతోంది, ఆమె పక్కనున్నాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏమనుకోవాలి నేను?

బయటికొచ్చాక పక్కనే ఉన్న హోటల్లో కూర్చున్నాం. ఏం తింటావంటే బిర్యానీ అన్నాడు. పక్క బల్ల దగ్గర సినిమా నుంచి వచ్చినవాళ్లే, నాన్నను గుర్తుపట్టారు. ఫోన్లు తీస్తే చెడామడా దులిపేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఎవరూ తీయలేదు. ప్లేటు వచ్చింది. నాన్న దానివైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

పెదాలు కదులుతున్నాయి. చుట్టాలు, రోగులు, పాలకులు... ఆపడే! వాళ్ల కోసం నటిస్తున్నాడా, నిజంగానే ప్రార్థిస్తున్నాడా? అడగలేను, కదల్లేను. పెదాలు ఆగాయి. కళ్లు మాత్రం తెరవలేదు. బిర్యానీ మీద ఆవిరి కూడా పోయింది. పక్క బల్లవాళ్లంతా నావైపే చూస్తున్నారు. నావైపెందుకు? మెడలో ఆఫీసు ఐడీ కార్డుతో ఉన్న ఒకామె నావైపు వంగి, మెల్లగా చెప్పింది. "అక్కా, మీరే అనాలె."

"ఆమేన్" అన్నాను.

నాన్న కళ్లు తెరిచాడు. "చల్లారిపోయింది చూడు. మీ అమ్మయితే ఇంతసేపు ఆగనిచ్చేదా?" అని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.