తొప్పూరు కనుమకు కొత్త బ్రేకులు

మొన్న మా తమ్ముడి కొడుకుతో మోటారు సామాన్ల కొట్టుకు వెళ్ళాను. వాడి వ్యానుకు ఏదో భాగం అరిగిపోయిందట. కౌంటరు వెనకున్న కుర్రవాడు ఫోను మీదినుంచి తలెత్తకుండానే కొత్తదా, పాతదాన్ని బాగుచేసిన రీకండిషనా అని అడిగాడు, మావాడు ఆలోచించకుండా కొత్తదే అన్నాడు, అట్టపెట్టె చేతికొచ్చింది, బయటికొచ్చేశాం. ఇదే ప్రశ్న మీద మా ఇల్లు రెండుగా చీలిపోయి, పొయ్యి దగ్గరా పెరట్లోనూ రోజుల తరబడి వాదులాడుకున్న కాలం ఒకటుండేదని వాడికి చెబుదామనుకున్నాను గానీ, వాడు అప్పటికే బండి ఎక్కేశాడు. నా ఈడువాళ్ళు మీరైతే వింటారు.

ఎనభైల మొదట్లో మా చిన్నాయనకు ఒక ముక్కు లారీ ఉండేది. ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన ఆ పాతకాలపు బండ్లు అప్పటికే సేలం పక్క మా ధర్మపురి రోడ్ల మీద అరుదైపోయాయి, పిల్లలు దాని వెంట పరుగెత్తేవాళ్ళు, వయసు మళ్ళిన డ్రైవర్లు ఆగి పలకరించేవాళ్ళు. ఏరియూరు పక్క మా చేలల్లో పండే రాగులు, వత్తల్‌మలై కొండ దిగువన దొరికే చింతపండు ఎత్తుకుని చిన్నాయన సేలం మండీకి వెళ్ళేవాడు. సేలం వెళ్ళాలంటే తొప్పూరు కనుమ దిగాలి. ఆ కనుమలోనే, చాలా ఏళ్ళ కిందట, మా చిన్నమ్మ సొంత అన్న లారీ బోల్తాపడి చనిపోయాడు. అందుచేత చిన్నాయన బండి తీసిన ప్రతిసారీ ఆమె తిరిగొచ్చేదాకా సరిగా అన్నం తినేది కాదు.

ఆ సంవత్సరం లారీ బ్రేకు షూలు పూర్తిగా అరిగిపోయాయి. చక్రం లోపలి డ్రమ్మును గట్టిగా పట్టుకుని బండిని ఆపేవి ఆ షూల మీది లైనింగు పట్టీలే కాబట్టి, వాటిని మార్చకుండా కనుమ దిగడమంటే చావును పిలవడమే. ఆ రకం బండికి సామాను చేయడం కంపెనీవాళ్ళు ఎప్పుడో మానేశారు. మిగిలినవి రెండు దారులు. సేలంలో ఒకాయన పాత షూను అచ్చుగా పెట్టుకుని కొత్తవి పోయించి అమ్మేవాడు. లేదా, మా ఊరి పాత ఇనుము కొట్టులో అదే రకం లారీ ఒకటి ముక్కలై పడి ఉంది, దాని అసలు షూలు తీసి కొత్త లైనింగు కొట్టించుకోవచ్చు. అసలు ఇనుము గట్టిది, డ్రమ్ములో చక్కగా కూర్చుంటుంది, పళసుదే, అంటే ఆ పాతదే, మేలని చిన్నాయన అన్నాడు. చిక్కేమిటంటే, ఆ ముక్కలైన లారీ కూడా తొప్పూరు కనుమలో పడిందే, అందులోనూ మనుషులు పోయారు.

చావు చూసిన సామాను మన బండికి వద్దని చిన్నమ్మ పట్టుబట్టింది. నేనప్పుడు మా ఊరి హేతువాద మిత్రుల చర్చల్లో నలిగి నలిగి నాలుక పదునెక్కించుకున్న కుర్రాణ్ణి. ఇనుముకు జ్ఞాపకం ఉండదు, శవాన్ని మోసిన రోడ్డు మీదే రోజూ పెళ్ళి ఊరేగింపులు నడవడం లేదా అని వాదించాను. ఆమె పిడక విరుస్తూ, "నీకేమప్పా, నువ్వు మాటలు నడిపేవాడివి. బండి నడిపేది మీ చిన్నాయన," అంది. చిన్నాయన నా వైపు చూసి నవ్వి, సేలం వెళ్ళి కొత్తవే తెచ్చాడు.

మా వైపు సేద్యపు ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. నాగటి కర్రు గానీ, కొడవలి గానీ, కొత్త ఇనుము గడప దాటి లోపలికొస్తే దానికి నువ్వుల నూనె పట్టించి, పసుపూ కుంకుమా పెట్టి, ఒక రాత్రి దీపం దగ్గర ఉంచి, మర్నాడు పనిలోకి దించుతారు. తుప్పు పట్టకుండా ఉండడానికి ఎవరో తెలివైన రైతు పెట్టిన పద్ధతే అయి ఉంటుందది, కాలం గడిచేకొద్దీ కారణం మరుగునపడి పసుపు మాత్రం మిగిలింది. చిన్నమ్మ ఆ కొత్త బ్రేకు షూలకు కూడా, ఏ ఒక్కదాన్నీ వదలకుండా, భక్తిగా, ధారాళంగా నూనె పట్టించింది. లైనింగు తెల్లారేసరికి ఆ నూనెనంతా తాగేసింది. బండి బాగుచేసే మేస్త్రీ పైన కనబడిన పసుపు చూసి, అందరూ పెట్టేదే కదా అని గుడ్డతో తుడిచి బిగించాడు.

సేలంలో మా మిత్రుల సభ ఉంటే నేను కూడా ఆ లోడుతోనే బయలుదేరాను. చదునైన రోడ్డు మీద బండి బాగానే ఆగింది. కనుమలో దిగడం మొదలుపెట్టాక బ్రేకులు వేడెక్కాయి, వేడికి లోపలి నూనె బయటికొచ్చింది, చక్రాల నుంచి పొగతో పాటు వంటింటి పోపు వాసన లాంటిది తేలింది. చిన్నాయన పెడలు తొక్కుతున్నాడు, బండి వినడం లేదు. ఆయన గేరు మీద గేరు తగ్గిస్తూ, బండిని కొండవైపు మట్టికట్టకు ఒరిపించి, రాసుకుంటూ రాసుకుంటూ పోనిచ్చి, ఎలాగో నిలబెట్టాడు. దిగి చూస్తే అవతలి పక్క లోయ.

చక్రం విప్పించినప్పుడు ఆయన లైనింగును వేలితో తాకి, వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు. తర్వాత అన్నాడు, "ఇది ఇంట్లో చెప్పొద్దురా. మీ చిన్నమ్మ తట్టుకోలేదు."

"చెప్పకపోతే రేపు పళసువి తెచ్చినా వాటికీ నూనె పెడుతుంది కదా, చిన్నాయనా."

"అయితే నువ్వే చెప్పు. నేను ఆ పొద్దు తోటలో ఉంటా," అన్నాడు.

నేను చెప్పినప్పుడు చిన్నమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. చేతిలోని గింజ పక్కన పెట్టి అడిగింది, "కొడవలికి పెడితే ఏమీ కాలేదు, కర్రుకు పెడితే ఏమీ కాలేదు. దీనికి పెడితే మాత్రం ఎట్ల అయ్యింది?"

కోయడం, దున్నడం జారే పనులనీ, బ్రేకుది పట్టుకునే పని అనీ చెప్పాను. ఆమె లేచి, అరచేతుల్లో నూనె పోసుకుని, మూలనున్న రోకలి పట్టుకుని ఎత్తి చూసింది. అది జారింది. చేతులు బూడిదతో తోముకుని మళ్ళీ ఎత్తింది. ఈసారి నిలిచింది. వచ్చి కూర్చుని, "ఆ పళసువే తెప్పించు. పోయినోళ్ళు పాపం, వాళ్ళు మనకేమి చేసినారు," అంది. ఆమె తలచుకున్నది అన్ననేనని నాకు తెలుసు. మళ్ళీ చింతపండు అందుకుంటూ, "బండి మొగానికి పసుపు పెడితే ఏమీ కాదు కదా?" అని అడిగింది.

ఏమీ కాదు, దానివల్ల లాభం కూడా లేదు అన్నాను.

"లాభం ఎవరు అడిగినారు? నష్టముందా అని అడిగినాను."

పాత లారీ షూలు వచ్చాయి, చిన్నమ్మ వాటిని దీపం దగ్గర పెట్టలేదు, తాకనైనా తాకలేదు, మేస్త్రీ నూనె చేతులతో ముట్టుకోబోతే కసిరి సబ్బు ఇప్పించింది. ఆ బ్రేకులతో చిన్నాయన ఎన్నో ఏళ్ళు కనుమ దిగాడు, మంచంలోనే కన్నుమూశాడు. బండి ముక్కు మీద పసుపు ఎప్పుడూ ఆరలేదు, దాని మీద చిన్నమ్మకూ నాకూ వాదమూ ఆగలేదు.

తర్వాత ఎన్నో వేదికలెక్కాను, చప్పట్లు విన్నాను, నా మాట విని ఒక మనిషి లేచి వెళ్ళి స్వయంగా పరీక్షించి చూసింది మాత్రం ఆ ఒక్కసారే. చిన్నమ్మకు అక్షరం రాదు, ఆమె కూడా పోయింది. ఇప్పుడు మా ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే, ఇంజనీర్లు కూడా ఉన్నారు. కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, ఎందుకని నేనడిగితే, "సరే పెద్దాయనా, ఊరికే పెట్టినాం," అని మర్యాదగా నవ్వి పక్కకు తప్పుకుంటారు. ఎట్ల అని ఎవరూ అడగరు. నాతో పోట్లాడేవాళ్ళు లేని ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.