విప్పి చూపే టీచరమ్మ

అరకులోయ దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పే టీచరమ్మది కొండ మీది ఊరు. ఏ వస్తువు గురించి అడిగినా ఆమె నోటితో చెప్పి ఊరుకునేది కాదు. "ఉండండి, ఇప్పి సూపిత్తాను" అంటూ పిన్నీసుతోనైనా మూత తీసేది.

ఆరబోసిన కాఫీ గింజల మీద చినుకు పడగానే మోగే పరికరాలు రెండు చేసింది. ప్లాస్టిక్ డబ్బాలో బ్యాటరీ, నాలుగు వైర్లు, అంతే. ఢిల్లీలో ప్రదర్శనకు పిలిచారు. పట్నం నుంచి వచ్చి అక్కడే లెక్కలు చెప్పే నేను తోడు. ఒకటి ఆమె సంచిలో, ఒకటి నా సంచిలో పెట్టుకుని బయల్దేరాం.

విమానాశ్రయం తనిఖీలో నా డబ్బా చూసి ఇదేమిటని అడిగారు. "సైన్సు మోడల్" అన్నాను. వెళ్ళమన్నారు. నా వెనకే ఆమె డబ్బా బయటికి తీశారు. ఆధార్ కార్డులో ఊరి పేరు చదివిన అధికారి ముఖం మారింది.

"ఏజెన్సీయా? ఇదెవరిచ్చారు?"

"నానే సేసినానండి. ఇప్పి సూపిత్తాను" అని ఆమె మూత మీద చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్!" అని అరిచాడు. వరుసలోని జనం వెనక్కి జరిగారు.

రెండూ ఆవిడే చేసిందని నేనెంత మొత్తుకున్నా వినలేదు. ఆమెను గదిలో కూర్చోబెట్టి, మీ ఊరికి అన్నలు వస్తారా, వాళ్ళకు అన్నం పెడతారా అని అడిగారట. వదిలేసరికి విమానం వెళ్ళిపోయింది. వైర్లన్నీ కోసేసి డబ్బా చేతికిచ్చారు.

ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆమె, పక్కన నేను, బస్సులో వెనక్కి వచ్చేశాం.

సోమవారం తరగతిలో పిల్లలు చుట్టుముట్టారు. అందరూ కొండ ఊళ్ళ పిల్లలే. విమానం ఎలా ఉందని అడిగారు.

"నానే బేగి బయల్దేరలేదర్రా. ఇమానం ఎల్లిపోనాది" అంది.